ఎలుక మీద కోపంతో ఇంట్లోకి విషం తేవద్దు

వరికోతలు ముగిశాయంటే పొలంలో ఎలుకకు కరువు మొదలైనట్టే. నిన్నటిదాకా గట్టు బొక్కలో ఉండి గొలుసులు కొరుక్కుతిన్నది, కోత మిషను పోయినంక ఖాళీ మడిలో ఏం జేస్తది? గింజ ఎక్కడికి పోతే అదీ అక్కడికే వస్తుంది. కల్లం నుంచి కొట్టానికి, కొట్టం నుంచి ఇంటికి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో నవంబరు, డిసెంబరు నెలల్లో ఏ వాకిట్లో నిలబడ్డా ఒకటే ముచ్చట వినబడుతుంది: "ఎలుకలతోని సస్తున్నం." ఆ వెనకాలే ఇంకో మాట: "బజారుకు పోతే ఆ మందు పట్కరా."

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా! మొదటి మాటతో ఎవరికీ పేచీ లేదు. ఎలుకల బాధ నిజం. రెండో మాట మీదే మీతో గట్టిగా మాట్లాడాల్సి ఉంది. ఎలుకను చంపడం కంటే ముందు దాని దారి మూయాలి. మందు కొనే పైసలతో ముందు సిమెంటు, జాలి కొనాలి. ఎలుక ఇంట్లోకి వస్తే గింజలు పోతాయి. విషం ఇంట్లోకి వస్తే మనిషి పోవచ్చు. ఈ తేడా మనం సరిగ్గా తూచి చూడడం లేదు.

ఎలుక తినేది ఎంత?

ముందు నష్టం లెక్క చూద్దాం. ఒక ఇంటెలుక రోజుకు 20 నుంచి 25 గ్రాముల గింజలు తింటుంది. రోజుకు 25 గ్రాములంటే ఏడాదికి 9 కిలోలు. మన రాష్ట్రంలో రేషన్ మీద మనిషికి నెలకు వచ్చేది 6 కిలోల బియ్యం. అంటే ఒక్క ఎలుక ఏడాదిలో ఒక మనిషి నెలన్నర రేషన్ తింటోంది. ఇంట్లో పది ఎలుకలుంటే 90 కిలోలు. తిన్నదానికంటే పాడుచేసేది ఇంకా ఎక్కువ. సంచులు కొరికి గింజలు కింద పోస్తుంది, వెంట్రుకలు, పెంటికలు, మూత్రం కలిపి మిగిలినవి పనికిరాకుండా చేస్తుంది.

పెద్ద రైతు పంట కాంటా వేసి అమ్ముకుంటాడు, అతని గింజలు ఇంటిదాకా రావు. ఎకరం, రెండెకరాల రైతు తిండిగింజలు, కోళ్లకు మక్కలు, బర్రెకు తౌడు, వచ్చే కారుకు విత్తనం ఇంట్లోనే దాచుకుంటాడు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపులో అంతర పంటగా వేసిన మక్క కంకులు మిద్దె మీదనో, వసారాలోనో పోసి ఉంటాయి. కాబట్టి ఎలుక దెబ్బ చిన్న రైతుకే ఎక్కువ. మక్క గింజకు మొలక వచ్చే మొన భాగాన్నే ఎలుక ముందు కొరుకుతుంది. అట్లా కొరికిన గింజ చూపుకు గింజలాగే ఉంటుంది, చెల్కలో పెడితే మొలవదు.

ఎలుక ముందు పళ్లు బతికున్నన్నాళ్లు పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసుకోవడానికి కర్ర, ప్లాస్టిక్ పైపు, కరెంటు వైరు ఏది దొరికితే అది కొరుకుతుంది. సిరిసిల్లలో సాంచాలు ఉన్న ఇండ్లలో నూలు కండెలు కొరకడం, నేసిన తానుకు బొక్క పెట్టడం తెలిసిన సంగతే. తానుకు ఒక్క బొక్క పడితే ఆ బట్ట ధర తెగినట్టే. వైరు మీది తొడుగు కొరికితే షార్ట్ సర్క్యూట్ అయి నూలుకు నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది.

గింజలకంటే పెద్ద నష్టం

గింజలు పోతే మళ్లీ పండించుకోవచ్చు. ఎలుక వెంట వచ్చేవి రెండు ఉన్నాయి, అవి ప్రాణానికే ముప్పు.

ఒకటి ఎలుక జ్వరం. ఎలుక మూత్రంలోని సూక్ష్మజీవి నీళ్లలో, బురదలో కలుస్తుంది. కాలికి పగుళ్లు, గాట్లు ఉన్నవాళ్లు ఆ నీళ్లలో దిగితే ఒంట్లోకి పోతుంది. వానాకాలంలో వరి మడిలో వంగి పనిచేసే ఆడవాళ్లకు, మోరీలు తీసేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కండ్లు ఎర్రబడడం దీని గుర్తులు. ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. తొందరగా గుర్తుపడితే మామూలు మందులతోనే తగ్గుతుంది. డాక్టరు దగ్గరకు పోయినప్పుడు "ఇంట్లో ఎలుకలు ఉన్నయి, మడిలో పనిచేసిన" అని చెప్పండి. ఆ ఒక్క మాట రోగం పట్టుకోవడానికి అక్కరకొస్తుంది.

రెండోది పాము. ఎలుకలున్న ఇంటికి పాము పిలవకుండానే వస్తుంది. ఎలుక తవ్విన బొక్కే దానికి ఇల్లు, ఎలుకే దానికి తిండి. నాగుపాము, కట్లపాము ఊర్లలో ఇండ్ల పొంటి తిరగడానికి కారణం ఇదే. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. కింద చాప వేసుకుని పడుకున్నవాళ్లను కరిస్తే కరిచినట్టు కూడా తెలియకపోవచ్చు. 2020లో అచ్చయిన ఒక పెద్ద పరిశోధన లెక్క ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏడాదికి దాదాపు 58 వేల మంది. ఇందులో 70 శాతం మరణాలు ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి. తెలంగాణతో కలిపి లెక్కవేసిన ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. చనిపోయినవాళ్లలో ఎక్కువ మంది పల్లెల్లోని వాళ్లే. గోడ కింద బొక్క మూయడమంటే గింజలను కాపాడుకోవడం ఒక్కటే కాదు, పిల్లలు పడుకునే చోటును కాపాడుకోవడం.

విషం ఎందుకు వద్దంటున్నాం?

ఇంత నష్టం ఉన్నప్పుడు మందు పెట్టి చంపితే తప్పేంది అని మీరు అడగవచ్చు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టని మన పెద్దలు ఊరికే అనలేదు.

ట్యూబుల్లో అమ్మే ఎలుకల పేస్టు సంగతి చూడండి. అందులో ఉండేది ఎల్లో ఫాస్ఫరస్. రొట్టె ముక్కకో, టమాట ముక్కకో రాసి మూలకు పెడతాం. మిగిలిన ట్యూబు ఎక్కడ పెడతాం? గూట్లో, దూలం మీద, కిడికీలో. దోగాడే పిల్లకు ఆ ముక్క దొరకవచ్చు. చీకట్లో పండ్ల పేస్టు అనుకుని తీసుకునేవాళ్లూ ఉంటారు. దీనికి విరుగుడు లేదు. పైగా ఇది మోసం చేసే విషం. తిన్నవెంటనే వాంతులు అయినా తర్వాత ఒకటి రెండు రోజులు మనిషి బాగున్నట్టే కనిపిస్తాడు. "ఏం కాలేదు" అని దవాఖానకు తీసుకుపోకుండా ఉంటాం. ఆ తర్వాత కాలేయం దెబ్బతిని పరిస్థితి చేయి దాటిపోతుంది. అందుకే ఎవరు ఏ ఎలుకల మందు మింగినా, మంచిగున్నా సరే, అప్పుడే 108కు ఫోన్ చేసి దవాఖానకు తీసుకుపోవాలి. మందు డబ్బానో, పొట్లం కాగితమో వెంట తీసుకుపోవాలి. ఏ విషమో తెలిస్తేనే డాక్టరు చేతిలో పని ఉంటుంది.

పొలానికి తెచ్చిన గుళికలు అన్నంలో కలిపి ఎలుకలకు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉండేది. ఫోరేట్ గుళికలను 2020 డిసెంబరు 31 నుంచి దేశంలోనే నిషేధించారు. ఎక్కడన్నా పాత డబ్బా మిగిలి ఉంటే ఎలుకలకు పెట్టకండి, కొట్టంలోనూ ఉంచకండి, వ్యవసాయ అధికారికి చెప్పి వదిలించుకోండి. గింజలకు పురుగు పట్టకుండా వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు ఎలుక బొక్కలో వేస్తారు కొందరు. ఇంటిగోడ బొక్కలో వేసిన గోళీ గ్యాసు గోడ సందుల్లోంచి పక్క అర్రలోకి వస్తుంది. నిద్రలో ఉన్న కుటుంబాలు ఆ గ్యాసుకు బలైన సంఘటనలు దేశంలో జరిగాయి. మనుషులు ఉండే ఇంట్లో ఆ గోళీ ఎంతమాత్రం వాడకూడదు.

ఇంకో మాట చెప్పక తప్పదు. చేతికొచ్చిన పంట పోయినప్పుడు, సాంచా ఆగిపోయినప్పుడు, అప్పులోడు గడపలో నిలబడ్డప్పుడు మనిషికి బతుకు మీద విరక్తి పుట్టే గడియ ఒకటి వస్తుంది. సిరిసిల్ల నేతన్నల చావులు, మన రైతుల చావులు రాష్ట్రమంతా విన్నవే. ఆ గడియ దాటితే మనిషి మళ్లీ మనిషి అవుతాడు. ఆ గడియలో విషం చేతికి అందకుండా ఉండడమే అసలు రక్షణ. ఇది ఉత్త మాట కాదు. శ్రీలంక ప్రభుత్వం 1995 నుంచి అతి ప్రమాదకరమైన పురుగు మందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చింది. 2015 నాటికి ఆ దేశంలో ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా తగ్గింది. కష్టాలు అక్కడ పోలేదు. విషం చేతికి అందే తీరు మారింది, అంతే. మనసు బాగా లేనివాళ్లు మీ ఇంట్లో ఉంటే 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. ఇంట్లో ఉన్న ట్యూబు మాత్రం ఈరోజే తీసేయండి.

చంపితే తగ్గవెందుకు?

విషం ప్రమాదమన్న మాట పక్కన పెట్టినా, దానితో పని కూడా కాదు. ఆడ ఎలుక మూడు వారాలకే ఈనుతుంది. ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు. ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో మళ్లీ ఈతకు వస్తాయి. మీ ఇంట్లో పది ఎలుకలను చంపారనుకోండి. తిండి అట్లనే ఉంది, బొక్క అట్లనే ఉంది. పక్కింటి ఎలుక వచ్చి ఆ జాగాలో ఉంటుంది. నెల తిరిగేసరికి మళ్లీ పది. మళ్లీ బజారుకు పోవాలి. ఈ వరసలో బాగుపడేది మందులు అమ్మేవాళ్లే.

పైగా చచ్చిన ఎలుక దూలం సందులోనో, పెంకుల కిందనో కుళ్లితే వారం రోజులు ఆ ఇంట్లో అన్నం సయించదు. విషం తిని తూలుతున్న ఎలుకను పిల్లి తింటే పిల్లి పోతుంది, గుడ్లగూబ తింటే గుడ్లగూబ పోతుంది. అంటే ఎలుకలను పట్టే జీవాలను మనమే చంపుకుంటున్నాం.

ఇంకొకటి గమనించాలి. కాకతీయ కాలువ నీళ్లున్న జగిత్యాల, కోరుట్ల వైపు, మధ్యమానేరు వచ్చినంక సిరిసిల్ల వైపు, వానాకాలం వరి తర్వాత యాసంగి వరి పడుతోంది. ఇది రైతుకు మంచిదే. కానీ ఎండాకాలంలో తిండి, నీళ్లు లేక ఎలుకలు తగ్గే రోజులు కూడా తగ్గిపోయాయి. వాటికి ఏడాది పొడుగునా పండగే. కాబట్టి మన తాతల నాటికంటే మనమే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

బీడ్, సూరత్ నేర్పిన పాఠం

1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలో లాతూరు భూకంపం వచ్చింది. పక్కనే ఉన్న బీడ్ జిల్లా ఒకప్పుడు మన హైదరాబాద్ సంస్థానంలోనిదే. ఆ జిల్లాలోని మామ్లా అనే ఊరి జనం పగుళ్లు వారిన ఇండ్లలో ఉండడానికి భయపడి బయట గుడిసెలు వేసుకున్నారు. దాచుకున్న గింజలు మాత్రం ఆ ఇండ్లలోనే ఉండిపోయాయి. మనుషులు లేని ఇల్లు, నిండా గింజలు. ఎలుకలకు ఇంకేం కావాలి? అవి విపరీతంగా పెరిగాయి. 1994 ఆగస్టులో ఆ ఊర్లో ఎలుకలు రాలి పడడం చూశారు, ఆ వెంటనే గడ్డల ప్లేగు కనిపించింది.

మరుసటి నెలలో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు అన్న వార్త వచ్చింది. తాపి వరద తీసినంక వీధుల్లో చెత్త, చచ్చిన పశువులు పేరుకుపోయిన సమయం అది. యాభై మందికి పైగా చనిపోయారు. లక్షల మంది ఊరు విడిచి రైళ్లెక్కారు. మన కరీంనగర్, సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి సూరత్ పోయిన కుటుంబాలు ఎన్నో. ఆ రోజుల భయం మన పెద్దవాళ్లకు ఇంకా యాది ఉండే ఉంటుంది.

ఇప్పుడు ప్లేగుకు మందులున్నాయి, అది వస్తుందని భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. తర్వాత సూరత్ ఏం చేసిందో చూడండి. 1995లో ఎస్.ఆర్. రావు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చారు. రోజూ చెత్త ఎత్తించడం, మోరీలు బాగుచేయించడం, అధికారులను పొద్దున్నే వీధుల్లోకి పంపడం, చెత్త వేసినవాళ్లకు జరిమానా వేయడం పట్టుబట్టి చేయించారు. రెండేళ్లు తిరక్కముందే దేశంలో శుభ్రమైన నగరాల్లో ఒకటని ఆ ఊరికి పేరు వచ్చింది. సూరత్ బాగుపడింది ఎలుకల మందుతో కాదు, చీపురుతో. ఎలుకకు తిండి, నీడ లేకుండా చేస్తే అదే పోతుంది.

ఇల్లంతా కాదు, ఒక అర్ర గట్టి చేయండి

"మాది గూన పెంకుల ఇల్లు, మట్టిగోడలు. ఎన్ని బొక్కలని మూస్తం?" అని మీరు అనవచ్చు. నిజమే. పాత ఇల్లంతా ఎలుక రాకుండా చేయడం చిన్న రైతుకు అయ్యే పని కాదు. కాబట్టి ఇల్లంతా పట్టుకోకండి. గింజలుండే అర్ర ఒక్కటి గట్టి చేయండి. అది అయినంక పడుకునే అర్ర. ఒక సుతారి ఒక రోజు పని, కొంచెం సిమెంటు, గజం జాలి, ఒక రేకు ముక్క చాలు.

ముందు శత్రువు ఎవరో తెలుసుకోవాలి. మన ఇండ్లలో మూడు రకాలు తిరుగుతాయి. ఇంటెలుక పైకెక్కేది. దూలాలు, వాసాలు, వైర్లు, చెట్టుకొమ్మలు దాని బాట. పందికొక్కు తవ్వేది. మోరి పక్కన, పునాది కింద, పెంట దగ్గర బొక్క చేసి మట్టి కుప్పగా పోస్తుంది. చిట్టెలుక అన్నింటికంటే చిన్నది, పెన్సిలు దూరే సందు చాలు దానికి, అంటే పావు అంగుళం. మూతి పొడుగ్గా ఉండి కిచకిచమంటూ గోడవార పోయే చుంచు అసలు ఎలుక జాతిదే కాదు. అది ఎక్కువగా పురుగులను తింటుంది, దాని కోసం మందు పెట్టనక్కరలేదు.

పగటిపూట అర్రలోకి పోయి తలుపు మూసి చూడండి. ఎక్కడెక్కడ వెలుతురు కనబడుతోందో అక్కడ ఎలుకకు దారి ఉన్నట్టే. దర్వాజ కింద సందుంటే అడుగున రేకు పట్టీ కొట్టించండి. పట్టీ అడుగు ఎత్తు ఉంటే తలుపు కొరకలేదు. నేలకు, రేకుకు మధ్య పావు అంగుళం కూడా మిగలకూడదు. కిడికీకి, గాలి రంధ్రాలకు పావు అంగుళం కండ్ల ఇనుప జాలి కొట్టాలి. ప్లాస్టిక్ దోమజాలిని ఎలుక ఒక్క రాత్రిలో కొరుకుతుంది.

గోడలో, నేలలో బొక్కలను ఉత్త మట్టితో మూస్తే తెల్లారేసరికి మళ్లీ తవ్వుతుంది. పగిలిన గాజు పెంకులు, కంకర లోపలికి దట్టించి పైన సిమెంటు వేయాలి. చిన్న సందులైతే గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి పైన సిమెంటు పూయండి. గాజు ముక్కలు పట్టేటప్పుడు చేతులు జాగ్రత్త. మోరి గోడ దాటే చోట, పైపు మూతి దగ్గర జాలి పెట్టడం మరువద్దు. చాలా ఇండ్లలో పందికొక్కు రాజబాట అదే. పెంకుల మీదికి వంగిన జామ, వేప కొమ్మలను గజం దూరం దాకా కొట్టేయాలి.

అర్రలో గింజలు ఎట్లా ఉంచాలన్నది మరో ముఖ్య సంగతి. సంచులు నేల మీద, గోడకు ఆనించి పెట్టకండి. గోడకు రెండడుగుల దూరంలో చెక్కల మీద పేర్చండి. వెనకాల చీపురు తిరగాలి, మనిషి కన్ను పడాలి. ఎలుకకు మరుగు కావాలి, మరుగు లేని చోట అది నిలవదు. విత్తనం, పప్పులు, నూకలు మూత గట్టిగా పడే రేకు డబ్బాల్లో పోయండి. కిరాయి ఇంట్లో ఉండేవాళ్లకు గోడలు బాగుచేసే వీలుండదు. వాళ్లకు ఒక్క రేకు డ్రమ్మే గట్టి అర్ర అనుకోవాలి. ఏ గింజ పోసినా బాగా ఎండబెట్టి పోయాలి, లేకుంటే డబ్బాలో ముక్కిపోతుంది.

మన తాతలు వెదురు గరిసెలు పేడతో అలికి, బండల మీద ఎత్తుగా నిలబెట్టేవాళ్లు. ఆ తెలివి ఇప్పటికీ పనికొస్తుంది. గరిసె గానీ గుమ్మి గానీ నేల నుంచి రెండున్నర, మూడు అడుగుల ఎత్తులో, గోడకు దూరంగా ఉండి, కాళ్లకు గరాటు బోర్లించినట్టు రేకు కట్టిస్తే ఎలుక పైకి ఎక్కలేదు.

ఇల్లాలి చేతిలో ఉన్న పని కూడా కొంత ఉంది, అది ఇల్లాలిది ఒక్కదానిదే అనుకోవడం మాత్రం తప్పు. ఎంగిలి గిన్నెలు రాత్రి కడగకుండా వదిలేయడం, కుక్కకు వేసిన బువ్వ, కోళ్లకు చల్లిన మక్కలు, బర్రె తొట్టిలో మిగిలిన దాణా తెల్లారేదాకా ఉంచడం ఎలుకకు విందు. బకెట్ల మీద మూతలుంచండి, ఇంటెలుకకు తిండి ఎంత కావాలో నీళ్లూ అంతే కావాలి. గడ్డివాము, కట్టెలు, పిడకలు ఇంటిగోడకు ఆనుకుని వేయకండి. నాలుగు బండలు పరిచి దూరంగా ఎత్తు మీద వేయండి. పాముల బెడదకూ ఇదే మందు.

ఉన్న ఎలుకలకు బోను

దారులు మూసే ముందు లోపల ఉన్నవాటిని పట్టాలి, లేకుంటే లోపలే ఉండిపోతాయి. దానికి బోను మేలు. ఒక్క బోను పెట్టి "పడుతలేవు" అనకండి. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. రెండు మూడు రోజులు బోను తలుపు పడకుండా కట్టేసి, లోపల వేయించిన పల్లీలో, కొబ్బరి ముక్కో, ఎండు చేపో పెట్టి తిననివ్వండి. నాలుగో రోజు తలుపు కట్టండి. ఎలుక గోడ పక్కనే మీసాలు ఆనించుకుంటూ నడుస్తుంది కాబట్టి బోను గోడవారనే ఉండాలి. అయిదారు ఇండ్లవాళ్లు కలిసి పది బోన్లు కొని వంతులవారీగా వాడుకుంటే ఖర్చు తక్కువ. చచ్చిన ఎలుకను ఒట్టి చేత్తో ముట్టుకోకండి. కవరు తొడుక్కుని తీసి రెండడుగుల లోతున పూడ్చండి. పిల్లి ఉంటే చిట్టెలుకలకు భయం. పందికొక్కు జోలికి చాలా పిల్లులు పోవు.

బోనుతో కాక, ఇక మందు తప్పదనుకుంటే మార్గం ఒక్కటే. తయారుగా దొరికే బ్రోమాడయోలోన్ బిళ్లలు, అవి కూడా పిల్లలు, కోళ్లు, కుక్కలు ముట్టలేని మూత పెట్టెలో, ఎలుక మాత్రమే దూరే రంధ్రం చేసి పెట్టాలి. ఇది తిన్న ఎలుక కొన్ని రోజులకు చస్తుంది. దీనికి విటమిన్ కె1 అనే విరుగుడు దవాఖానల్లో ఉంటుంది. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు, దాన్ని గడప దాటి లోపలికి తేవద్దు. పొలం గట్ల మీద వాడాలన్నా వ్యవసాయ అధికారి సలహాతోనే వాడాలి. పొలం వరకు నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, 0.25 శాతం బ్రోమాడయోలోన్ పొడి 2 పాళ్లు కలిపి పొట్లాలు కట్టి బొక్కల్లో పెట్టే పద్ధతిని శాస్త్రవేత్తలు సిఫారసు చేస్తున్నారు. ముందురోజు బొక్కలన్నీ మూసి, తెల్లారి తెరుచుకున్న వాటిలోనే పెట్టాలి. కలిపిన చేతులు సబ్బుతో కడగాలి, మిగిలిన మందు ఇంటికి తేవద్దు.

తాళం వేసిన ఇండ్ల సంగతి

ఇప్పటిదాకా చెప్పింది మీ చేతిలో ఉన్న పని. ఒక్కరి చేతిలో లేని పని కూడా ఒకటుంది. మన పల్లెల్లో ఏ వాడకు పోయినా నాలుగైదు తాళాలు కనిపిస్తాయి. కొందరు దుబాయి, మస్కట్ పోయారు, కొందరు భివండి, సూరత్‌లో స్థిరపడ్డారు, ముసలివాళ్లు కాలం చేశారు. ఆ ఇండ్లలో పాత సంచులు, తుంగ చాపలు, కూలిన పెంకులు. ఎలుకలు ఈనేది అక్కడ, తినేది మన ఇంట్లో. మామ్లాలో జరిగింది ఇదే తీరున జరిగిందని మరువకండి. మనం ఎంత మూసినా పక్క ఇల్లు ఎలుకల పుట్టగా ఉంటే పోరు తెగదు.

కాబట్టి ఇది పంచాయతీ పట్టించుకోవాల్సిన పని. తాళం వేసిన ఇండ్ల జాబితా రాసి, యజమానికి గానీ దగ్గరి బంధువుకు గానీ ఫోన్ చేసి, ఏడాదికి రెండుసార్లు తాళం తీయించి శుభ్రం చేయించాలి. ఫోన్లో వీడియో చూపించి ఒప్పుకోలు తీసుకోవడం ఇప్పుడు కష్టమేమీ కాదు. చెత్త ఎత్తడానికి పంచాయతీ ట్రాక్టరు ఉండనే ఉంది.

ఎలుకల పని ఊరంతా ఒకే రోజు చేయాలి. గోదావరి డెల్టాలో వ్యవసాయ శాఖ ఊర్లకు ఊర్లే కలిసి చేసే ఎలుకల నివారణ కార్యక్రమాలు నడుపుతూ వచ్చింది, మారుటేరు పరిశోధన స్థానంలో ఎలుకల మీద పరిశోధనే సాగుతోంది. మన దగ్గర పొలాస పరిశోధన స్థానం ఉంది. జగిత్యాల సన్నాలు ఇచ్చిన చోటు అది. ఎలుకల నివారణలో శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే ఉంది. మన రైతు వేదికల్లో ఎరువుల మీద, విత్తనాల మీద మాట్లాడినట్టే ఏడాదికి రెండు పూటలు ఎలుకల మీద మాట్లాడమని విస్తరణ అధికారిని మనమే అడగాలి. ఒకటి వరికోతలకు ముందు అక్టోబరులో. రెండోది యాసంగి కోతలు అయినంక మే నెలలో, పొలంలో తిండి తక్కువున్నప్పుడు.

అధికారులకూ ఒక మాట. 1960ల చివరి నుంచి కేంద్రం నడిపిన సేవ్ గ్రెయిన్ ప్రచారంలో రేకు గాదెల వాడకం పల్లెలకు నేర్పారు. ఇప్పుడు పంట కొనుగోలు కేంద్రాల మీద ఉన్న దృష్టిలో పదో వంతు కూడా ఇంట్లో దాచుకునే గింజ మీద లేదు. చిన్న రైతుకు రాయితీ మీద ఒక రేకు గాదె ఇస్తే, మహిళా సంఘాల అప్పులో దానికి చోటు ఇస్తే, అది మందు పొట్లాలు పంచడం కంటే ఎంతో మేలు. ట్యూబు పేస్టును కిరాణా దుకాణంలో బిస్కట్ల పక్కన వేలాడదీసి అమ్మడం మీద కూడా కన్ను పెట్టాలి.

ఎలుక వినాయకుడి వాహనమని దండం పెట్టేవాళ్లు, దాన్ని తిట్టేవాళ్లు ఇద్దరూ మన ఇండ్లలోనే ఉన్నారు. ఇద్దరికీ చెప్పేది ఒకటే. ఎలుకతో పగ వద్దు, దానికి చోటు ఇవ్వద్దు. ఈ ఆదివారం పని లేని పూట చూసుకుని మూడు పనులు చేయండి. గూట్లో, దూలం మీద ఉన్న పాత ఎలుకల మందును వెతికి తీసి, పిల్లలకు దూరంగా తాళం వేసి పెట్టి, వ్యవసాయ అధికారికి చెప్పండి. గింజల అర్ర తలుపు మూసి వెలుతురు ఎక్కడ పడుతోందో చూసి సున్నంతో గుర్తు పెట్టండి. పక్కింటాయనను పిలిచి ఆ గుర్తులు చూపించి, సుతారిని ఇద్దరూ కలిసి ఒకే రోజు పెట్టుకోండి.